ఆకాశయుద్ధమునకు ఎనిమిది సూత్రములు

మానవుడు యంత్రబలముతో మొట్టమొదట గాలిలోనికి ఎగిరినది 1903 వ సంవత్సరమున. అటుపిమ్మట పదునొకండేండ్లు నిండకమునుపే, 1914 లో, ఐరోపాఖండమున మొదటి ప్రపంచయుద్ధము ప్రారంభమయ్యెను. ఆనాటి విమానములు కఱ్ఱతోను, గుడ్డతోను, తీగెలతోను నిర్మింపబడిన తేలికయైన యంత్రములు. సేనానాయకులు వానిని తొలుత చూచి వచ్చుటకు మాత్రమే వినియోగించిరి. శత్రువుల కందకములు ఎచ్చట నున్నవి, ఫిరంగులు ఎచ్చట నిలుపబడినవి అను విషయములను పైనుండి కనిపెట్టి తెలుపుటయే వైమానికుల పని. ఇరుపక్షములవారును ఇట్లు ఒకరి రహస్యముల నొకరు తెలిసికొనుచుండగా, ఎదిరి విమానములను రానీయరాదను తలంపు ఉభయులకును కలిగెను. అప్పుడు వైమానికులు తుపాకులు వెంట గొనిపోయి, ఆకాశముననే ఒకరి నొకరు కాల్చుకొన మొదలిడిరి.

భూమిమీది యుద్ధమునకు వేలయేండ్ల అనుభవము కలదు. కోటను ముట్టడించుటకును, వ్యూహములు పన్నుటకును శాస్త్రములు కలవు. ఆకాశయుద్ధమునకు శాస్త్రము లేదు, గురువు లేడు. ఎవరికి తోచినట్లు వారు పోరాడుచుండిరి. యుద్ధమర్మము తెలియకమునుపే పెక్కురు మరణించుచుండిరి. బ్రతికి వచ్చినవాని నేర్పు వానియొద్దనే యుండి, వాడు కూలిననాడు వానితోడనే పోవుచుండెను. ఆ నేర్పును మాటలలో పెట్టి ఇతరులకు బోధింపవచ్చునని గ్రహించిన మొదటివారిలో జర్మను వైమానికుడు ఆస్వాల్డ్ బోల్కె ముఖ్యుడు.

బోల్కె 1891 మే 19 న జర్మనీలోని హాలే నగరసమీపమున జన్మించెను. అతని తండ్రి ఉపాధ్యాయుడు. చిన్ననాట బోల్కె ఉబ్బసవ్యాధితో బాధపడెను. అయినను ఈతయందును, వ్యాయామమునందును పట్టుదలతో సాధన చేసి దేహమును దృఢపఱచుకొనెను. గణితము, భౌతికశాస్త్రము అతని కభిమానవిషయములు. చదువు ముగించి 1911 లో సైన్యమునందలి తంతివార్తల దళమున చేరెను. 1914 లో విమానవిద్య నభ్యసించి, ఆగస్టు నెల నడుమ పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. అప్పటికి యుద్ధము మొదలై రెండు వారములే అయినది.

1915 లో బోల్కె ఫ్రాన్సుదేశపు దువే పట్టణమునొద్ద నున్న దళమున పనిచేయుచుండెను. మాక్స్ ఇమ్మెల్మన్ అను మఱియొక సమర్థుడు అచ్చటనే యుండెను. ఆ వేసవిలో వారికి ఫోకర్ అను డచ్చి యువకుడు నిర్మించిన క్రొత్త విమానము లభించెను. మరతుపాకిని చోదకుని ఎదుట అమర్చినచో గుఱి చూచుట సులభము. కాని ఎదుట గిఱ్ఱున తిరుగు పంకాకు తూటాలు తగిలి అది విఱిగిపోవును. ఈ చిక్కును తొలగించుటకై ఫోకర్ విమానమున ఇంజనునకును తుపాకికిని సంబంధము కల్పింపబడెను. పంకాఱెక్క తుపాకిగొట్టమునకు ఎదురుగా వచ్చునపుడు తుపాకి పేలదు. ఱెక్క తొలగినంతనే పేలును. తూటాలు ఱెక్కల నడుమనుండి దూసికొనిపోవును. కనుక చోదకుడు విమానమును ఎటు త్రిప్పిన అటే గుఱి కుదురును.

ఆ దినములలోనే ఒక సంఘటనము జరిగెను. దువే సమీపమున ఒక కాలువ కలదు. 1915 ఆగస్టు 28 న ఒక ఫ్రెంచి బాలుడు అందులో పడి మునిగిపోవుచుండెను. ఆ ఊరు జర్మనుల ఆక్రమణలో నుండెను. ఆ బాలుని దేశము జర్మనీకి శత్రుదేశము. బోల్కె అది యేమియు యోచింపలేదు. ధరించిన దుస్తులతోడనే నీటిలోనికి దుమికి బాలుని గట్టునకు చేర్చెను. చిన్ననాట నేర్చిన ఈత అట్లు ఒక ప్రాణమును నిలిపెను. బాలుని తలిదండ్రులు తమ ఫ్రెంచి ప్రభుత్వమే అతనిని సత్కరింపవలెనని కోరిరి. యుద్ధకాలమున అది నెఱవేరలేదు. ప్రష్యా ప్రభుత్వము మాత్రము అతనికి ప్రాణరక్షణపతకము నొసంగెను. కాలువలో ఒక బాలుని నిలిపిన ఆ చేతులే ఆకాశమున పెక్కుమంది యువకుల ప్రాణములను తీసెను. బోల్కె చరిత్రమును చదువువారు ఈ రెంటిని కలిపియే చూడవలెను.

1916 జనవరి 12 న బోల్కెకును, ఇమ్మెల్మనుకును ప్రష్యారాజ్యపు అత్యున్నత వీరపతకము ఒకేదినమున లభించెను. యుద్ధవైమానికులు ఆ గౌరవము నందుట అదియే ప్రథమము. కాని ఆ సంవత్సరమే జూన్ 18 న ఇమ్మెల్మన్ విమానము కూలి మరణించెను. ఇద్దరు ప్రసిద్ధులలో ఒకడు పోగా, రెండవవానినైనను కాపాడుకొనవలెనని జర్మను చక్రవర్తి తలంచి, బోల్కెను యుద్ధరంగమునుండి తొలగించెను. అతనిని బల్గేరియా, టర్కీ మొదలగు మిత్రదేశముల పర్యటనకు పంపిరి. ఆ ప్రయాణమునకు ముందు బోల్కె తన అనుభవసారమును క్లుప్తముగా వ్రాసి పై అధికారులకు సమర్పించెను. అవియే బోల్కె సూత్రములని పేరొందినవి. అవి ఎనిమిది, ఒక్కొక్కటి ఒకటి రెండు వాక్యములకు మించదు.

దాడికి ముందే అనుకూలస్థితిని సంపాదించుకొనవలెననియు, వీలైనచో సూర్యుని వెనుక నుంచుకొనవలెననియు మొదటి సూత్రము. సూర్యునివైపు చూచువాని కన్నులు మిఱుమిట్లు గొనును. ఆ వెలుగులోనుండి వచ్చు విమానము మీదపడువఱకును వానికి కనబడదు. ఎత్తు కూడ అట్టి అనుకూలస్థితియే. పైనున్నవాడు క్రిందికి దూకునపుడు వేగము పెరుగును. క్రిందనున్నవాడు పైకెక్కబోయి ఉన్న వేగమును కోల్పోవును. పూనిన దాడిని కడముట్టింపవలెనని రెండవ సూత్రము. నడుమ వెఱచి మరలినవాడు శత్రువునకు వీపు చూపినవాడగును. దగ్గఱకు చేరి, గుఱి సరిగా కుదిరిన పిమ్మటనే కాల్చవలెనని మూడవది. దూరమునుండి కాల్చినచో తూటాలు వ్యర్థమగును. శత్రువు కూడ మేలుకొనును. ఎదిరినుండి చూపు మరల్పరాదనియు, వాని మాయలకు లోబడరాదనియు నాలుగవది. దెబ్బతిని కూలుచున్నట్లు నటించి తప్పించుకొనువారు ఆనాడు పెక్కురుండిరి.

ఏ విధమున దాడి చేసినను వెనుకనుండియే చేయవలెనని ఐదవ సూత్రము. ప్రక్కగా పోవు విమానమును కొట్టవలెనన్నచో, తూటా చేరునాటికి అది ఎచ్చట నుండునో ఊహించి, దానికి ముందుగా గుఱి పెట్టవలెను. వెనుకనుండి వెంబడించువానికి ఈ లెక్కతో పని తక్కువ. శత్రువు పైనుండి మీదికి దూకినపుడు పాఱిపోక, ఎదురుగా పోవలెనని ఆఱవది. పాఱిపోవువాడు తనంతట తానే తన వెనుకభాగమును శత్రువున కప్పగించును. ఐదవ సూత్రము తెలిసినవానికి ఆఱవదాని అర్థము బోధపడకపోదు. శత్రుభూమిపై ఎగురునపుడు తిరిగి వచ్చు త్రోవను మఱవరాదని ఏడవది. ఇంజను చెడినను, పెట్రోలు తఱిగినను స్వభూమికి చేరగలుగుట దానివలననే సాధ్యము.

ఎనిమిదవ సూత్రము ఒంటరి యోధునకు చెందినది కాదు, దళమునకు చెందినది. నలుగురో ఆర్గురో కలిసియే దాడి చేయవలెను. పోరు చెదరి ఒక్కొక్కరితో ఒక్కొక్కరు తలపడునపుడు పలువురు ఒకే శత్రువుమీద పడకుండ జాగ్రత్త వహింపవలెను. ఒకే విమానమును ఇద్దరు వెంబడించినచో ఇద్దఱి చూపులును దానిమీదనే నిలుచును. అప్పుడు పరస్పరము ఢీకొను ప్రమాదము కలదు. ఈ సూత్రమును పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

1916 వేసవిలో ఫ్రాన్సునందలి సొమ్ నదీప్రాంతమున ఘోరయుద్ధము జరుగుచుండెను. ఆకాశమున బ్రిటిషువారును, ఫ్రెంచివారును పైచేయిగా నుండిరి. జర్మనులు బోల్కెను వెంటనే పిలిపించి, క్రొత్తగా నేర్పఱచిన వేటదళములలో రెండవదానికి నాయకునిగా నియమించిరి. తనకు కావలసినవారిని తానే ఎన్నుకొనుటకు అతని కధికార మొసంగబడెను. అతడు ఎన్నుకొన్నవారిలో అశ్వికదళమునుండి వచ్చిన రిక్ట్‌హోఫెన్ ఒకడు. ముప్పదియేడేండ్ల బోమె మఱియొకడు. నాయకునికంటె బోమె పండ్రెండేండ్లు పెద్దవాడు. అయినను శిష్యుడై వినయముతో నేర్చుకొనెను.

తగినన్ని విమానములు ఇంకను రానందున మొదట బోల్కె ఒక్కడే తెల్లవాఱుజామున ఎగిరిపోవుచుండెను. అతడు తిరిగి వచ్చినపుడు తుపాకిపొగచే గడ్డము నల్లబడి యున్నచో పోరాటము జరిగినదని శిష్యులు గ్రహించెడివారు. అటుపిమ్మట అతడు ఆనాటి యుద్ధమునే పాఠముగా వివరించుచుండెను. శత్రువిమానములలో దేనికి ఎటువైపు తుపాకి కాల్చుటకు వీలులేదో, ఏది ఎట్లు మలుపు తిరుగునో తెలిపి, వారిచే మరల మరల సాధన చేయించెను. ఎవరు కూల్చినను గెలుపు దళమునదేయని బోధించెను. సెప్టెంబరు 2 న తాను కూల్చిన విమానమునుండి ప్రాణములతో బయటపడి బందీయైన బ్రిటిషు అధికారిని తన దళమునకు పిలిపించి ఆతిథ్య మిచ్చెను.

సెప్టెంబరు నడుమ క్రొత్త ఆల్బట్రాస్ విమానములు వచ్చెను. 17 వ తేదీన బోల్కె శిష్యులను వెంటబెట్టుకొని మొదటిసారి దళముగా బయలుదేరెను. ఆ ఉదయమున రిక్ట్‌హోఫెన్ తన మొదటి విజయమును పొందెను. మున్ముందు అతడు ఎనుబది విజయములతో ఆ యుద్ధమున అందఱికంటె అధికుడయ్యెను. దళమున ఆ దినము ఉత్సాహముతో గడిచెను. రిక్ట్‌హోఫెన్ కూల్చిన ఆ విమానమునందలి ఇరువురు బ్రిటిషు యువకులును మరణించిరి. ఆకాశమున ఒకని మొదటి విజయము వేఱొక ఇంట తీఱని శోకమగును.

అక్టోబరు 28 న బోల్కె ఐదుగురు శిష్యులతో ఎగురుచు రెండు బ్రిటిషు విమానములను ఎదిరించెను. అప్పటికి అతని విజయములు నలుబది. అతడును, బోమెయు ఒకే విమానమును వెంబడించుచుండిరి. రిక్ట్‌హోఫెన్ తఱుముచున్న రెండవ విమానము హఠాత్తుగా వారి ఎదుటికి అడ్డముగా వచ్చెను. దానిని తప్పించుటకై ఇరువురును ప్రక్కకు మలిగిరి. ఆ క్షణమున విమానముల ఱెక్కలు అడ్డమగుటచే వారికి ఒకరి కొకరు కానరాలేదు. బోమె విమానము బోల్కె విమానపు ఱెక్కను తాకెను. తాకిడి స్వల్పమే. కాని గుడ్డతోను కఱ్ఱతోను కట్టిన ఱెక్కకు అదియే చాలెను. విమానము కొంతదూరము మెల్లగా దిగి, పిదప ఱెక్క తెగి నేల కూలెను. ఆనాటి జర్మను విమానచోదకులకు పారచూటులు లేవు. ఎనిమిదవ సూత్రమును వ్రాసినవాడు, ఆ సూత్రము హెచ్చరించిన ప్రమాదముననే మరణించెను. అతని వయస్సు ఇరువదియైదేండ్లు.

బోమె దుఃఖమునకు మేర లేకపోయెను. గురువు మరణమునకు తానే కారణమైతినని అతడు మిక్కిలి పరితపించెను. బ్రిటిషు వైమానికులు ఒక పుష్పచక్రమును జర్మనుల భూమిపై విమానమునుండి జాఱవిడిచిరి. ధీరుడును, ఉదారుడును అగు ప్రతిపక్షికి తమ గౌరవమని దానితో వ్రాసి పంపిరి. ఆ దళమునకు బోల్కె పేరే పెట్టబడెను. బోమె తరువాత అదే దళమునకు నాయకుడై, 1917 నవంబరు 29 న యుద్ధమున నేలకొఱిగెను. రిక్ట్‌హోఫెన్ 1918 ఏప్రిల్ 21 న మరణించెను. గురుశిష్యులు మువ్వురిలో ఒక్కడును యుద్ధాంతమును చూడలేదు.

వారు పోయినను ఆ విద్య పోలేదు. 1938 లో స్పెయినుదేశపు అంతర్యుద్ధమున మోల్డర్స్ మొదలగు జర్మను వైమానికులు క్రొత్త వ్యూహము నొకదానిని రూపొందించిరి. అందు విమానములు జంటలుగా పోవును. ఒకడు దాడి చేయును. రెండవవాడు వాని వెనుకను కాచును. అట్టి రెండు జంటలు, చాచిన చేతియందలి నాలుగు వ్రేళ్ళ కొనలవలె, ఎడమెడముగా ఎగురును. ఒకరి కొకరు తగులుదురను భయము తగ్గుటచే అందఱును ఆకాశమంతయు పరికింపగలుగుదురు. 1940 లో బ్రిటిషువారు మూడేసి విమానములుగా దగ్గఱదగ్గఱగా ఎగిరి మిక్కిలి నష్టపడిరి. తుదకు వారును ఈ నాలుగువ్రేళ్ళ పద్ధతినే అవలంబించిరి. విద్యకు పక్షము లేదు. అది ఎవరిచేత పడిన వారికి పనిచేయును. రెండవ ప్రపంచయుద్ధమున ఆ జర్మనుల నేర్పు హిట్లరు దురాక్రమణమునకు సాధనమయ్యెను. కావున ఒకని నేర్పును మెచ్చుటకును, అతడు ఏ పనికై దానిని వినియోగించెనో విచారించుటకును భేదము కలదు. ఈ రెండవ విచారణను విడువరాదు.

బోల్కె జీవితమునుండి గ్రహింపదగినది మఱియొకటి కలదు. తనకు తెలిసినదానిని దాచుకొని తానొక్కడే వీరుడనిపించుకొనుటకు అతనికి అవకాశముండెను. అతడు దానిని అందఱికిని అర్థమగు మాటలలో వ్రాసి పంచిపెట్టెను. అతని నలుబది విజయములు నేడు చరిత్రగ్రంథములలో అంకెలుగా మిగిలినవి. ఆ ఎనిమిది సూత్రములు మాత్రము తరువాతి తరముల వైమానికులకు పాఠములైనవి. అయినను, ఎంతటి సూత్రమైనను యుద్ధమును నిరపాయము చేయజాలదని వానిని వ్రాసినవాని మరణమే చెప్పుచున్నది. దువే కాలువనుండి బయటపడిన బాలునికి మాత్రము ఆనాటి బోల్కె పరాక్రమమువలన ప్రాణము దక్కెను.