భృగువు నాన్న దగ్గరికి ఐదుసార్లు ఎందుకు వెళ్ళాడు?

ఈ వారం వీడియోలో తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి కథ చెప్పుకున్నాం. చిన్న కథే, కానీ మనం ఎలా ఆలోచిస్తామో, ఎలా ఆలోచించాలో చెప్పే పాఠం అందులో ఉంది. వీడియోలో పైపైన చెప్పాను కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం.

తెలియనిదాన్ని అర్థం చేసుకోవాలంటే మన మనసు ముందు దానికి ఒక నమూనా కట్టుకుంటుంది. కొత్త ఊళ్ళో దిగిన రెండు రోజులకే బస్టాండు ఎటు, మార్కెట్టు ఎటు అని తలలో ఒక పటం వేసుకుంటాం. కొత్త మేనేజరు వస్తే "ఈయన ఫలానా టైపు" అని వారంలో తేల్చేస్తాం. దేవుడి విషయంలోనూ అంతే. "నేను పూజ చేస్తాను, ఆయన పని చేసిపెడతాడు" అన్నది మనలో చాలామంది చిన్నప్పుడే కట్టుకున్న నమూనా.

నమూనా కట్టుకోవడం తప్పు కాదు. అది లేకపోతే ఆలోచన అడుగు ముందుకు పడదు. నమూనానే అసలు వస్తువు అనుకున్నప్పుడే చిక్కు.

"41 రోజులు దీక్ష చేశాను, అయినా ఉద్యోగం రాలేదు. మరి దేవుడున్నట్టా లేనట్టా?" అని అడిగేవాళ్ళున్నారు. ఆ ప్రశ్న వెనక ఉన్న బాధ నిజమైనది. అందుకే దానికి తొందరపడి జవాబు చెప్పను. భృగువు కథ చెబుతాను.

వరుణుడు ఇచ్చింది జవాబు కాదు, కొలత

కృష్ణయజుర్వేదానికి చెందిన ఈ ఉపనిషత్తులో శిక్షావల్లి, ఆనందవల్లి, భృగువల్లి అని మూడు భాగాలున్నాయి. మూడోదాంట్లో భృగువు తన తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్ళి బ్రహ్మాన్ని బోధించమని అడుగుతాడు.

వరుణుడు ముందు అన్నం, ప్రాణం, కన్ను, చెవి, మనసు, వాక్కు అని కొన్నింటి పేర్లు చెబుతాడు. అంటే వెతకడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో చూపిస్తాడు. తర్వాత ఒక కొలత ఇస్తాడు: ప్రాణులన్నీ దేని నుంచి పుడతాయో, దేనివల్ల బతుకుతాయో, చివరికి దేనిలో కలిసిపోతాయో అది బ్రహ్మం. దాన్ని తపస్సుతో తెలుసుకోమంటాడు.

చూశారా, జవాబు కన్నా ముందు జవాబును పరీక్షించే పద్ధతి ఇచ్చాడు. ఇక్కడ తపస్సంటే ఒంటికాలి మీద నిలబడటం కాదు. మనసును, ఇంద్రియాలను ఒకేచోట నిలిపి ఆలోచించడమే ఈ తపస్సు అని శంకరాచార్యులవారు భాష్యంలో వివరించారు.

నెగ్గిన జవాబును కూడా మళ్ళీ అడిగాడు

భృగువు తపస్సు చేసి అన్నమే బ్రహ్మమని తేల్చుకున్నాడు. కొలతతో చూస్తే సరిపోయింది కూడా. అన్నం నుంచే ప్రాణులు పుడుతున్నాయి, అన్నంతోనే బతుకుతున్నాయి, చివరికి అన్నంలోనే కలుస్తున్నాయి. మూడింటికి మూడూ కుదిరాయి. మనమైతే అక్కడే ఆగిపోయి స్టేటస్ పెట్టేవాళ్ళం!

భృగువు ఆగలేదు, మళ్ళీ నాన్న దగ్గరికి వెళ్ళాడు. ఎందుకు? ఉపనిషత్తు కారణం చెప్పదు. శంకరులు చెబుతారు: అన్నానికే పుట్టుక ఉన్నట్టు కనిపిస్తోంది కదా, పుట్టేది అన్నిటికీ మూలం ఎలా అవుతుందని భృగువుకు సందేహం వచ్చిందట.

ఇక్కడ వరుణుడి తీరు గమనించండి. "తప్పు" అనలేదు, "శభాష్" అని కూడా అనలేదు. మళ్ళీ తపస్సు చెయ్యమన్నాడు. భృగువు ఈసారి ప్రాణం అన్నాడు, తర్వాత మనసు, ఆ తర్వాత విజ్ఞానం. ప్రతిసారీ వెనక్కి వచ్చాడు, ప్రతిసారీ అదే మాట విన్నాడు.

మెట్టు మెట్టుకీ ఏం లోటు కనిపించి ఉంటుందో మనమే ఆలోచించుకోవాలి. నాకు అర్థమైనంతవరకు ఇలా ఉంటుంది. ఊపిరి ఆగిన శరీరాన్ని అన్నం నిలబెట్టలేదు, కాబట్టి ప్రాణం అన్నాడు. గాఢనిద్రలో ఊపిరి ఆడుతూనే ఉన్నా మనకు ఏమీ తెలియదు, కాబట్టి మనసు అన్నాడు. మనసు అటూ ఇటూ ఊగుతుంది, నిర్ణయించేది ఇంకొకటి ఉండాలి, కాబట్టి విజ్ఞానం అన్నాడు. ఆ నిర్ణయించే బుద్ధి కూడా దేనికోసం ఇంత పాటుపడుతోందని చూస్తే, ఆనందం దగ్గర తేలాడు.

మొదటి ప్రశ్నతో కలిపి అలా ఐదుసార్లు వెళ్ళాడు. ఆనందం తెలిశాక మళ్ళీ వెళ్ళలేదు. తండ్రి సర్టిఫికెట్ ఇచ్చాడని కాదు, అడగాల్సిన ప్రశ్న మిగల్లేదు.

పాత మెట్టును తన్నెయ్యలేదు

నాకు అన్నిటికన్నా నచ్చేది దీని తర్వాతి భాగం. ఆనందం దాకా వెళ్ళినవాడికి అన్నం చిన్నచూపు అవ్వాలి కదా? కానీ ఉపనిషత్తు అక్కణ్ణుంచి మళ్ళీ అన్నం దగ్గరికే వస్తుంది. అన్నాన్ని నిందించకూడదు, పారెయ్యకూడదు, బాగా పండించాలి, ఇంటికొచ్చినవాణ్ణి కాదనకూడదు అని వ్రతాలు చెబుతుంది. మొదటి నమూనా చాలలేదంతే, అబద్ధం కాలేదు. దాని చోటులో దానికి గౌరవం ఉంది.

ఇప్పుడు మన 41 రోజుల ప్రశ్నకు వద్దాం. ఉద్యోగం రానప్పుడు చెదిరింది "ఇంత చేస్తే అంత ఇస్తాడు" అన్న లెక్క. అప్పుడు కొంతమంది ఆ లెక్కనే పట్టుకుని, ఎక్కడో నియమం తప్పానని తమను తాము తిట్టుకుంటారు. కొంతమంది లెక్కతో పాటు దేవుణ్ణి కూడా తీసి పక్కన పెట్టేస్తారు. భృగువు దారి మూడోది. లోటు కనిపించిన జవాబును చేతిలో పట్టుకుని, ప్రశ్నను మాత్రం వదలకుండా మళ్ళీ వెళ్ళడం.

అలా వెళ్తే అడగాల్సినవి వేరే ఉంటాయి. ఆ 41 రోజులూ తెల్లవారుజామున లేచిన క్రమశిక్షణ ఎవరిది? ఇంటర్వ్యూ ముందు రోజు కూడా దీపం దగ్గర పది నిమిషాలు కుదురుగా కూర్చోగలిగిన ఆ మనసు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఉద్యోగం రాలేదు కాబట్టి అవి లేకుండా పోయాయా? పోలేదు. వాటిని పారెయ్యకండి, అవి మీ అన్నం. ఇక్కణ్ణుంచి తర్వాతి మెట్టు వెతకండి.

ఇంకో మాట. భృగువు ఒంటరిగా ఆలోచించాడు కానీ ఒంటరిగా ఉండిపోలేదు. సందేహం వచ్చిన ప్రతిసారీ వెళ్ళడానికి ఒక మనిషి ఉన్నాడు. "మొన్నేగా చెప్పాను" అని విసుక్కోని మనిషి. అలాంటి పెద్దవాళ్ళు మీకుంటే మొహమాటపడకుండా వెళ్ళండి. మీకన్నా చిన్నవాళ్ళు మీ దగ్గరికొస్తే వరుణుడిలా ఉండండి.

ఈ వారం సాధన

ఒక కాగితం మీద "దేవుడంటే నా దృష్టిలో..." అని మొదలుపెట్టి రెండు వాక్యాలు రాయండి. అది ఎక్కడ సరిపోతోందో, ఎక్కడ చాలడం లేదో కింద రాయండి. వారం తర్వాత మళ్ళీ చదివి, మార్చాలనిపిస్తే మార్చండి. పాత వాక్యాన్ని మాత్రం కొట్టెయ్యొద్దు, దాని కిందే కొత్తది రాయండి.

వచ్చే వారం ఆనందవల్లిలోని పంచకోశాల గురించి మాట్లాడుకుందాం. శుభం!