కంపనమును రక్తప్రసరణమును

మన విద్యార్థులలో ననేకుల తండ్రులు పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో పనిచేయుచున్నారు. దినమంతయు గ్రైండింగు యంత్రమును చేతబట్టినవారు ఇంటికి వచ్చి వ్రేళ్లు తిమ్మిరెక్కినవనుట కలదు. మరియొకప్రక్క, కంపించు పలకపై నిలిచినచో రక్తప్రసరణము బాగుపడునని చెప్పి అంగళ్లలో యంత్రములను విక్రయించుచున్నారు. కంపనము ఒకచోట కీడును ఒకచోట మేలును చేయునా యని విద్యార్థులు మమ్ము ప్రశ్నించిరి. ప్రశ్న తగినదే.

రక్తము గుండెనుండి ధమనులద్వారా వెడలి సిరలద్వారా మరలివచ్చునని 1628లో విలియం హార్వే వెల్లడించెను. కాళ్లలోని రక్తము పైకెక్కుటకు పిక్కకండరములు తోడ్పడును. అవి ముడుచుకొని సిరలను నొక్కగా, లోపలి కవాటములు రక్తమును వెనుకకు జారనీయవు. కంపించు పలక సెకనుకు సుమారు 20 మొదలు 50 మారులు ఊగును. ఆ ఊపునకు కండరములు మన ప్రయత్నము లేకయే ముడుచుకొనును. అంతియ కాదు. ప్రవాహము హెచ్చి నాళపు లోపొరను ఒరసికొనినప్పుడు ఆ పొర నైట్రిక్ ఆక్సైడు అను వాయువును విడుచును. దానివలన నాళము సడలి వెడల్పగును. ఈ వాయువు చేయు పనిని కనుగొన్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అను మువ్వురకు 1998లో నోబెల్ బహుమానము లభించినది. కొన్ని నిమిషముల కంపనముచేత కాళ్లయందు రక్తప్రవాహము కొంతసేపు హెచ్చుట పరీక్షలలో కనబడినది. సకలవ్యాధులు నయమగునని అంగడివారు చెప్పుమాట వేరు. దానికి నిదర్శనము లేదు. కాలిసిరలో రక్తము గడ్డకట్టినవారు, గర్భిణులు, పేస్‌మేకరు అమర్చబడినవారు వైద్యుని అడుగక ఆ పలక నెక్కరాదు. నడకయు పిక్కలచేత ఆ పనియే చేయించును, దానికి వెల లేదు.

ఇక యంత్రము చేతబట్టువారి సంగతి. 1918లో ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున, బెడ్‌ఫర్డ్ ప్రాంతమునకు వెళ్లి, గాలిసుత్తెలతో సున్నపురాతిని చెక్కువారి చేతులను పరీక్షించెను. చలి ఉదయములలో వారి వ్రేళ్లు సుద్దవలె తెల్లబడి స్పర్శ కోల్పోవుచుండెను. ఏండ్లతరబడి గంటలకొలది తగిలిన కంపనముచేత వ్రేళ్లలోని చిన్ననాళములును నరములును చెడును. పిమ్మట చలి సోకినంతనే నాళములు మూసుకొనిపోవును. మొదట కొనలు తెల్లబడును, క్రమముగా కణుపులు. త్వరగా గుర్తించి పని మార్చుకొన్నచో కుదుటపడవచ్చును. ముదిరినచో పూర్తిగా నయమగుట అరుదు.

సంగారెడ్డి ప్రాంతమున పుష్యమాసపు చలి తక్కువది కాదు. తెల్లవారుజామున మోటారుసైకిలుపై మొదటి షిఫ్టునకు పోవువారు చేతితొడుగులు ధరింపవలెను. యంత్రమును అవసరమునకు మించి బిగించి పట్టరాదు. అరిగి వంకరపోయిన చక్రమును మార్పించుకొనవలెను. పని నడుమ విరామ ముండవలెను. బీడీ, సిగరెట్టు నాళములను ఇంకను ముడుచును. తండ్రిగారి వ్రేళ్లు చలిపొద్దున తెల్లబడినచో, ఏ వ్రేలు, ఏ కణుపువరకు, ఎంతసేపు అని విద్యార్థులు కాగితముపై వ్రాసి యుంచవలెను. వైద్యుని యొద్దకు చేరునప్పటికి ఆ తెలుపు మాయమై యుండును; ఆయనకు చూపుటకు ఆ కాగితమే మిగులును.