పంట సమస్యల నమోదుకు తొలి డి.ఎస్.ఎల్.ఆర్. కెమెరా, లెన్సుల ఎంపిక: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పంటల దృష్ట్యా ఒక పరిశీలన

సారాంశం

పొలంలో తీసిన ఛాయాచిత్రం తెగులును లేదా పురుగును గుర్తించుటకు ఆధారంగా ఉపయోగపడవలెనన్న, అందులో గుర్తింపు లక్షణం స్పష్టంగా కనిపించాలి. కావున తొలిసారి కెమెరా కొనే విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తాము నమోదు చేయవలసిన అతి చిన్న వస్తువు ఏమిటో ముందుగా నిర్ణయించుకొని, దానికి తగిన లెన్సును, ఆ తరువాతనే కెమెరా బాడీని ఎంచుకోవడం సముచితం. ఈ ఎంపిక విధానాన్ని కృష్ణా పశ్చిమ డెల్టాలోని వరి, మొక్కజొన్న, మినుము పంటల ఉదాహరణలతో ఈ వ్యాసంలో వివరించడమైనది.

ఉపోద్ఘాతం

బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో ప్రారంభమైనది. ఇక్కడి నుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204 (సాంబ మసూరి) వరి రకం సన్నగింజ నాణ్యతకు పేరొందినప్పటికీ అగ్గితెగులును, బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకోలేదు. అందువలన ఈ ప్రాంతంలో తెగుళ్లను, పురుగులను తొలిదశలోనే గుర్తించడం రైతు ఆదాయంతో నేరుగా ముడిపడి ఉన్నది. ప్రస్తుతం రైతులు, క్షేత్ర సిబ్బంది చాలావరకు ఛాయాచిత్రాల ద్వారానే శాస్త్రవేత్తల సలహా కోరుతున్నారు. చిత్రం అస్పష్టంగా ఉన్నచో సలహా కూడా ఊహపై ఆధారపడుతుంది.

ఉదాహరణకు, వరిలో గుంపులుగా ఎండిన మొక్కలను గట్టు మీద నిలబడి చిత్రీకరిస్తే, అది సుడిదోమ వలన కలిగిన నష్టమా, ముదిరిన పాముపొడ తెగులా అని నిర్ధారించడం కష్టం. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటి మట్టానికి కాస్త పైన ఉంటుంది. దానిని తెగులుగా భావించి శిలీంధ్రనాశిని వాడితే విలువైన రోజులు వృథా అవుతాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడితే దోమ ఉధృతి మరింత పెరిగే ప్రమాదం ఉన్నది. కెమెరా ఎంపికను కూడా ఈ కోణం నుండే చూడవలసి ఉన్నది.

నమోదు చేయవలసిన వస్తువే ప్రమాణం

ఈ మూడు ప్రాంతాల పంటలను పరిశీలిస్తే మూడు స్థాయిల అవసరాలు కనిపిస్తాయి.

మొదటిది, విస్తృత దృశ్యం. రేపల్లె పరిసరాల్లో వరి మాగాణి మినుములో బంగారుతీగ ఎంత మేర అల్లుకున్నదో, చౌడు మచ్చలు ఎక్కడ ఉన్నవో చూపుటకు మడి మొత్తం కనిపించాలి.

రెండవది, మొక్క లేదా ఆకు స్థాయి. అగ్గితెగులులో నూలుకండె ఆకారంలో బూడిదరంగు మధ్యభాగం గల మచ్చలను, గోధుమ మచ్చ తెగులు అండాకార మచ్చలను వేరుచేయుటకు ఆకు అంచుల వరకు స్పష్టత అవసరం. మినుములో పల్లాకు తెగులుకు ఇదే స్థాయి చాలును.

మూడవది, పురుగు స్థాయి. తెనాలి ప్రాంతంలో వరి తరువాత దున్నకుండా వేసే మొక్కజొన్నలో కత్తెర పురుగును పొగాకు లద్దెపురుగు నుండి వేరుచేయాలంటే, తలపై తలక్రిందులైన ఇంగ్లీషు 'వై' అక్షరాన్ని పోలిన గుర్తు, పొట్ట ఎనిమిదవ ఖండంపై చతురస్రాకారంలో ఉన్న నాలుగు నల్లమచ్చలు చిత్రంలో కనిపించాలి. బాపట్ల వరి పొలాల్లోని సుడిదోమ పొడవు సుమారు 4 మి.మీ. మాత్రమే.

లెన్సుల ఎంపిక

సెన్సర్‌పై పడే వస్తువు ప్రతిబింబ పరిమాణానికి, ఆ వస్తువు అసలు పరిమాణానికి గల నిష్పత్తిని ఆవర్ధనం అంటారు. కెమెరాతో పాటు వచ్చే 18-55 మి.మీ. లెన్సు గరిష్ఠ ఆవర్ధనం సుమారు మూడవ వంతు. ప్రారంభ స్థాయి క్యానన్ కెమెరాల ఏ.పి.ఎస్.-సి. సెన్సర్ వెడల్పు సుమారు 22.3 మి.మీ. అనగా ఈ లెన్సుతో సుమారు 67 మి.మీ. వెడల్పు గల దృశ్యం చిత్రంలో నిండుతుంది. 24 మెగాపిక్సెళ్ల చిత్రం 6000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది కనుక 4 మి.మీ. దోమకు దాదాపు 360 పిక్సెళ్లు లభిస్తాయి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ముద్రిస్తే అది 3 సెం.మీ. బొమ్మ అవుతుంది. అదే దోమను 1:1 ఆవర్ధనం గల మాక్రో లెన్సుతో తీస్తే సుమారు 1075 పిక్సెళ్లు, అనగా ముద్రణలో 9 సెం.మీ. బొమ్మ లభిస్తుంది. వీపుపై తెల్లని పట్టీ ఉన్నదా లేదా అని చూసి, తెల్లమచ్చ దోమను గోధుమ వర్ణపు దోమ నుండి వేరుచేయుటకు ఈ వ్యత్యాసమే కీలకం.

కావున తొలి రెండు స్థాయిల అవసరాలకు 18-55 మి.మీ. లెన్సు సరిపోతుంది. మూడవ స్థాయికి మాక్రో లెన్సు అవసరం. క్యానన్‌లో ఇ.ఎఫ్.-ఎస్. 60 మి.మీ. మాక్రో, నికాన్‌లో డి.ఎక్స్. 40 మి.మీ., 85 మి.మీ. లెన్సులు 1:1 ఆవర్ధనం ఇస్తాయి. నికాన్ ఈ తరహా లెన్సులను 'మైక్రో' అని పేర్కొంటుంది. నాభ్యంతరం ఎక్కువైన కొలదీ పురుగుకు దూరంగా ఉండి చిత్రీకరించవచ్చు. కదిలే పురుగులకు 85 నుండి 100 మి.మీ. లెన్సులు అనుకూలం.

మాక్రో లెన్సు కొనలేని విద్యార్థులు 50 మి.మీ. లెన్సుకు ఎక్స్‌టెన్షన్ గొట్టాలు అమర్చుకోవచ్చు. 25 మి.మీ. గొట్టం 50 మి.మీ. లెన్సుకు 0.5 ఆవర్ధనాన్ని అదనంగా ఇస్తుంది. అయితే విద్యుత్ సంధానం లేని చౌక గొట్టాలతో ఆధునిక లెన్సుల అపర్చర్‌ను నియంత్రించడం వీలుపడదు. 55-250 లేదా 70-300 మి.మీ. టెలిఫోటో లెన్సును చాలామంది రెండవ లెన్సుగా కొంటారు గాని, పంట సమస్యల నమోదులో దాని ఉపయోగం పరిమితం. సుమారు 1 మి.మీ. ఉండే తామర పురుగుకు 1:1 మాక్రో కూడా చాలదు. ఆ పని సూక్ష్మదర్శినికి వదలడమే ఉత్తమం.

కెమెరా బాడీ ఎంపిక

ఏ4 పరిమాణంలో నాణ్యమైన ముద్రణకు సుమారు 8.7 మెగాపిక్సెళ్లు చాలును. 18 మెగాపిక్సెళ్ల క్యానన్ 3000డి, 24 మెగాపిక్సెళ్ల క్యానన్ 1500డి, నికాన్ డి3500 ఈ అవసరాన్ని తేలికగా తీరుస్తాయి. కనుక మెగాపిక్సెళ్ల సంఖ్య కన్నా తెర నిర్మాణాన్ని గమనించడం మేలు. క్యానన్ 200డి, నికాన్ డి5600 వంటి నమూనాల్లో తెరను బయటకు తిప్పవచ్చు. బురద మడిలో వరి దుబ్బు మొదట్లోకి కెమెరాను దించి, పైనుండి తెరను చూస్తూ చిత్రీకరించుటకు ఈ సౌకర్యం ఎంతో ఉపకరిస్తుంది.

నికాన్ డి3000, డి5000 శ్రేణుల బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏ.ఎఫ్. లెన్సులను వీటికి అమర్చితే చేతితోనే ఫోకస్ చేయవలసి ఉంటుంది. పాత లెన్సు కొనేముందు దీనిని గుర్తుంచుకోవాలి.

క్యానన్, నికాన్ సంస్థలు మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లినందున డి.ఎస్.ఎల్.ఆర్.లు సెకండ్ హ్యాండ్‌లో ఎక్కువగా లభిస్తున్నాయి. వాటిని కొనేటప్పుడు లెన్సు గుండా టార్చి వెలుగు ప్రసరింపజేసి సాలెగూడు వంటి బూజు ఉన్నదేమో చూడాలి. ఎఫ్/16 వద్ద తెల్లగోడను చిత్రీకరించి సెన్సర్‌పై మచ్చలు పరిశీలించాలి. షట్టర్ ఎన్నిసార్లు పనిచేసినదో అడిగి తెలుసుకోవాలి.

వెలుతురు, స్పష్టత, రంగు

1:1 ఆవర్ధనంలో ఎఫ్/11 అపర్చర్ వద్ద కూడా స్పష్టంగా కనిపించే మందం 1 మి.మీ. లోపే ఉంటుంది. అపర్చర్‌ను ఇంకా తగ్గిస్తే వివర్తనం వలన మొత్తం చిత్రం మెత్తబడుతుంది. కనుక ఎఫ్/8 నుండి ఎఫ్/11 వరకు వాడి, పురుగు దేహాన్ని సెన్సర్‌కు సమాంతరంగా ఉంచడం మంచిది. ఈ అపర్చర్ల వద్ద, సముద్రపు గాలికి ఊగే మొక్కపై, మొక్కజొన్న సుడి లోపలి చీకటిలో సహజ కాంతి చాలదు. ఫ్లాష్ తప్పనిసరి. కెమెరాలోనే ఉన్న ఫ్లాష్ ముందు తెల్లని ట్రేసింగ్ కాగితం ఉంచితే వెలుగు మృదువుగా పరచుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఆకులను చిత్రీకరించునపుడు తెల్లని గొడుగు నీడ పట్టడం మేలు.

పసుపు రంగు ఛాయల ఆధారంగా నత్రజని లోపాన్ని, పల్లాకు తెగులును చర్చించునపుడు రంగు కచ్చితత్వం అవసరం. ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి చిత్రానికి రంగును మార్చవచ్చు. ప్రతి పొలంలో మొదటి చిత్రంగా బూడిదరంగు కార్డును తీసి, రా ఫైలును భద్రపరిస్తే తరువాత సరిచేయవచ్చు.

ఛాయాచిత్రం ఆధారంగా నిలవాలంటే

ప్రతి సమస్యకు మూడు స్థాయిల చిత్రాలూ, అనగా మడి, మొక్క, పురుగు లేక మచ్చ, వరుసగా తీయాలి. దగ్గరి చిత్రంలో మి.మీ. స్కేలు ఉంచాలి. చికిత్సల మధ్య పోలిక చూపే చిత్రాలను ఒకే నాభ్యంతరంతో, ఒకే దూరం, ఎత్తు నుండి తీయాలి. తేదీ, గ్రామం, రకం, పంట వయస్సు అదే రోజు నమోదు చేయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే పరిమాణం కుదించబడుతుంది గనుక డాక్యుమెంట్‌గా పంపడం శ్రేయస్కరం. చిత్రంలోని ఏ భాగంలోనూ విడిగా రంగులు మార్చరాదు.

తీరప్రాంతంలో సంరక్షణ

రేపల్లె, నిజాంపట్నం వైపు ఉప్పుగాలి, తేమ లెన్సులకు హానికరం. పొలం నుండి వచ్చిన వెంటనే కెమెరాను మెత్తని గుడ్డతో తుడిచి, సిలికా జెల్ ఉంచిన మూత బిగువైన డబ్బాలో 40 నుండి 50 శాతం తేమ వద్ద భద్రపరచాలి. రంగు మారిన సిలికా జెల్‌ను వేడిచేసి తిరిగి వాడవచ్చు. తోలు సంచిలో దీర్ఘకాలం ఉంచితే బూజు పట్టే అవకాశం ఎక్కువ.

ముగింపు

పరిమిత వనరులు గల విద్యార్థి ప్రారంభ స్థాయి బాడీ, 18-55 మి.మీ. లెన్సు, ట్రేసింగ్ కాగితం, స్కేలు, బూడిదరంగు కార్డులతో పని ప్రారంభించవచ్చు. రెండవ కొనుగోలుగా మాక్రో లెన్సును, మూడవదిగా విడి ఫ్లాష్‌ను ఎంచుకోవాలి. బాడీని మార్చడం చివరి అంశం. ఖరీదైన బాడీకి మామూలు లెన్సు అమర్చడం కన్నా సాధారణ బాడీకి మాక్రో లెన్సు అమర్చడం వలన పురుగు గుర్తింపులో ఎక్కువ ప్రయోజనం కలుగుతుంది. దుబ్బు మొదలు వరకు వంగి తీసిన ఒక స్పష్టమైన చిత్రం రైతుకు ఒక అనవసరపు పిచికారీని తప్పించగలదు.