ఇటుకకు కాగితం చుట్టు

చిరంజీవి అమ్ములుకి,

ఎనిమిదో తరగతికి ఘర్షణ పాఠం మొదలుపెడుతున్నానని, ల్యాబులో స్ప్రింగ్ త్రాసు కూడా లేదని రాశావు. దానికేం బెంగ? సైకిల్ షాపులో పాత ట్యూబు అడుగు. సన్నగా పట్టీ కోస్తే అదే నీ త్రాసు.

ఇటుకకు పురికొస కట్టి, దాని చివర ట్యూబు పట్టీ ముడేసి, బల్ల మీద మెల్లగా లాగించు. పక్కన స్కేలు పెడితే పట్టీ ఎంత సాగిందో పిల్లలే చదువుతారు. ఇటుక కదిలేదాకా పట్టీ సాగుతూనే ఉంటుంది. కదలగానే కాస్త ముడుచుకుంటుంది. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అన్న పేర్లు వాళ్లు అది చూశాకే బోర్డు మీద రాయి.

తర్వాత పందెం వెయ్యమను. ఇటుకను పడుకోబెడితే పట్టీ ఎక్కువ సాగుతుందా, పక్కకు నిలబెడితేనా? క్లాసంతా పడుకోబెట్టిందే అంటుంది. నిజానికి రెండూ దాదాపు ఒకటే. పైన రెండో ఇటుక పెట్టినప్పుడు మాత్రం పట్టీ బాగా సాగుతుంది. ఎంత మేర ఆనిందన్నది కాదు, ఎంత బరువుతో నొక్కిందన్నదే లెక్క. ఫ్రాన్సులో గియోం అమోంటన్ 1699లో ఈ మాట చెబితే అక్కడి సైన్సు అకాడమీ వాళ్లకే అనుమానం వచ్చింది. మన పిల్లలకు రావడంలో వింతేముంది?

నేను ఉద్యోగంలో చేరిన ఏడు ఇదే చేయించాను. ఇటుకను పక్కకు నిలబెట్టేసరికి పట్టీ ఇంకా ఎక్కువ సాగింది. పుస్తకంలో లేని జవాబు! ‘సరిగ్గా లాగడం రాదా’ అని పిల్లాణ్ణి కసిరాను. వాడు ఇటుకను తడిమి, ‘పక్కలు గరుగ్గా ఉన్నాయి సార్’ అని గొణిగాడు. సాయంత్రం అందరూ వెళ్లాక నేనూ తడిమి చూశాను. వాడన్నదే నిజం. మర్నాడు ఇటుకకు అన్ని వైపులా న్యూస్‌పేపరు బిగించి చుట్టాం. రెండు లెక్కలూ కలిశాయి. ఒకసారికి ఒక్కటే మార్చాలన్న సంగతి బీఎడ్డులో నా తలకెక్కలేదు. ఆ పిల్లాడి అరచెయ్యి ఎక్కించింది.

మూతి సన్నటి చెంబు దొరికితే బియ్యం ప్రయోగం కూడా చేయించు. నిండా పోసి, తట్టి తట్టి కుదించి, గరుకు పుల్లతో పదిహేను ఇరవైసార్లు పొడిపించు. చివరి పోటుకి పుల్ల పట్టుకుని ఎత్తితే చెంబూ లేస్తుంది. గింజలు ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ పుల్లని బిగించేస్తాయి. ఒక్కోసారి లేవదు. అప్పుడు సాకు నువ్వు చెప్పకు, ఎందుకు లేవలేదో వాళ్లనే అడుగు. కింద చాప మాత్రం మరవకు. బియ్యం నేలపాలైతే మధ్యాహ్న భోజనం వండే ఆవిడ నిన్ను వదలదు.

ఇటుక కింద నాలుగు గుండ్రటి పెన్నులు పెట్టించి లాగిస్తే దొర్లుడు ఘర్షణ నువ్వు చెప్పకుండానే అర్థమవుతుంది. నూనె రాసి ఘర్షణ తగ్గించే ప్రయోగం పళ్లెంలోనే చెయ్యి, గచ్చు మీద వద్దు.

పిల్లలు కొలతలు రాసుకునే పట్టికలో తేడా వచ్చిన అంకెలు కొట్టెయ్యనివ్వకు. ఇటుక దగ్గర కసిరిన ఆ పిల్లాడికి నేను క్షమించమని చెప్పలేదు. ఆ రోజుల్లో మాస్టర్లు చెప్పేవాళ్లు కాదు. నీకు అలాంటి రోజు వస్తే క్లాసు ముందే చెప్పెయ్యి.

ఇట్లు,
మీ పెద్దనాన్న

తా.క.: పందెం ఎవరు గెలిచారో రాయి.