ఉక్కపోతలో బొచ్చుకుక్కల సంరక్షణ

రోహిణీకార్తెలో రోళ్ళు పగులునని మన పెద్దలు చెప్పిరి. అట్టి దినములలో రేకుల పాకక్రింద గొలుసుతో కట్టివేయబడిన కుక్క ప్రాణములు నిలుచుట కష్టము. నేడు మన గ్రామములలో పొమరేనియన్, జర్మన్ షెపర్డ్ మొదలగు దట్టమైన బొచ్చుగల కుక్కలను ఇంటికిని, తోటకును కావలిగా పెంచువారు కలరు. ఇవి చలిదేశములలో పుట్టిన జాతులు. వీని సంరక్షణమును గూర్చి గ్రామస్థులకు తెలియజెప్పుట పంచాయతీ సభ్యులు చేయదగిన సేవయని మేము తలంచుచున్నాము.

ఉక్క ఏల హాని చేయును?

మనుష్యునకు ఒడలెల్ల చెమట పట్టును. అది ఆరునప్పుడు శరీరము చల్లబడును. కుక్కకు అరికాళ్ళయందు మాత్రమే కొలదిగా చెమట పట్టును. అది నోరు తెరచి, నాలుక చాచి రొప్పుటచే నోటిలోని తడి ఆవిరియై దేహము చల్లబడును. మచిలీపట్నము, కాకినాడ వంటి తీరప్రాంతములలో గాలియందు తేమ అధికమగుటచే ఆ తడి త్వరగా ఆవిరి కాదు. కావున ఎండ మితముగా నున్న దినమున కూడ అచట కుక్కకు వడదెబ్బ తగులవచ్చును. కుక్క సహజ ఉష్ణోగ్రత సుమారు 101 మొదలు 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీల వరకు ఉండును. 105 దాటినచో ప్రాణాపాయము.

బొచ్చు గొరిగింపవచ్చునా?

వేసవి రాగానే కొందరు జాలిపడి చర్మము కనబడునట్లు బొచ్చు గొరిగింతురు. ఇది పొరపాటు. ఈ జాతుల బొచ్చు రెండు పొరలుగా నుండును. పైనుండు పొడుగు వెండ్రుకలు ఎండను చర్మమునకు తగులనీయవు. వానిని తీసివేసినచో చర్మము కమలును. కొన్నింటికి బొచ్చు తిరిగి సరిగా మొలవదు. లోపలి మెత్తని నూగు ఊడి, చిక్కుపడి నిలిచినచో చర్మమునకు గాలి సోకదు. కావున ప్రతిదినము దువ్వి ఆ నూగును తీసివేయవలెను. దువ్వునప్పుడే చెవులలోను, వ్రేళ్ళ సందులలోను పిడుదులున్నవేమో చూడవలెను. స్నానము చేయించిన పిదప బొచ్చు మొదళ్ళవరకు ఆరబెట్టవలెను. తడి నిలిచినచో చర్మము పుండుపడును.

నీడ, నీరు, చికిత్స

చెట్టునీడ అన్నిటికంటె మేలు. రేకుల పాకయైనచో పైన తాటాకులు కప్పవలెను. నీటితొట్టిని నీడలోనుంచి, నీటిని తరచు మార్చుచుండవలెను. తెల్లవారుజామునగాని, రాత్రిగాని త్రిప్పవలెను. మన చేయి ఓర్వలేని సిమెంటు బాటపై దాని పాదములును ఓర్వలేవు.

ఎడతెగక రొప్పుట, చొంగ కార్చుట, చిగుళ్ళు మిక్కిలి ఎర్రబడుట, తూలుట వడదెబ్బ లక్షణములు. వెంటనే నీడకు చేర్చి, బొచ్చు మొదళ్ళు తడియునట్లు నీరు పోయుచు విసరవలెను. తడిగోనె కప్పియుంచరాదు, వేడి లోపలనే నిలుచును. నీటిని బలవంతముగా త్రాగింపరాదు. ముందు చల్లబరచి, పిదప పశువైద్యశాలకు తీసికొనిపోవలెను.

పంచాయతీ చేయదగినది

పెంపుడు జంతువునకు తగిన ఆహారము, నీరు, వసతి కల్పింపకుండుటయు, మితిమీరి పొట్టిదగు గొలుసుతో చాలసేపు కట్టివేయుటయు 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరములు. అయినను శిక్షకంటె హితవు ముందు. వేసవికి ముందే గ్రామసభలో ఈ విషయములు చెప్పుడు. కుళాయిల చెంత నొక తొట్టి కట్టించినచో వీధికుక్కలకును, పశువులకును దాహము తీరును. రాత్రియెల్ల మన వాకిలి కాచు ప్రాణికి పగటిపూట నీడ నిచ్చుట మన విధి.