చింతపల్లి కొండల నుంచి ఓఆర్ఆర్ దాకా: తుపాకీ నీడలో గంజాయి

మెక్సికో, డ్రగ్స్ అనగానే మనలో చాలామందికి వెబ్ సిరీసే గుర్తొస్తుంది. హాస్టల్ గదిలో అర్ధరాత్రి దాకా చూసి, పొద్దున మెస్‌లో డైలాగులు కొట్టుకుంటాం. అయితే, సాయుధ పోరు, మత్తు పదార్థాల వ్యాపారం ఒకే నేల మీద కలిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఆ కథ మొదటి అంకం చింతపల్లి, గూడెం కొత్తవీధి కొండల్లో ఉంది. చివరి అంకం మన మహేశ్వరం పక్క నుంచి పోయే ఔటర్ రింగ్ రోడ్డు మీద నడుస్తోంది. ఈ రెండింటి మధ్య దారిని నాకు అర్థమైనంతలో చెప్తాను.

ముందు మెక్సికో, క్లుప్తంగా

సినలోవా, దురాంగో, చివావా రాష్ట్రాలు కలిసే కొండల్లో రైతులు చాలా కాలంగా నల్లమందు, గంజాయి పండించేవాళ్లు. 1970ల్లో ప్రభుత్వం 'ఆపరేషన్ కాండోర్' పేరుతో సైన్యాన్ని దింపి, విమానాలతో పంటల మీద మందు కొట్టించింది. రైతులు ఊళ్లు వదిలిపోయారు. పెద్ద వ్యాపారులు మాత్రం గ్వాదలహారా నగరానికి మకాం మార్చారు. 1989లో వాళ్ల పెద్ద ఫెలిక్స్ గయార్దోని అరెస్టు చేస్తే, ఆ ముఠా ముక్కలై ఒకదానితో ఒకటి కొట్టుకుంది. 2006 డిసెంబరులో అధ్యక్షుడు కాల్దెరోన్ మళ్లీ సైన్యాన్ని దింపాడు. ఆ తర్వాత హింస తగ్గకపోగా పెరిగింది. 2022 నాటికి అధికారిక లెక్కల్లోనే ఆచూకీ లేనివాళ్ల సంఖ్య లక్ష దాటింది. 2014 సెప్టెంబరు 26 రాత్రి ఇగువాలా పట్టణంలో మాయమైన 43 మంది మనలాంటి విద్యార్థులే, టీచర్ ట్రైనింగ్ కాలేజీ పిల్లలు. వాళ్లలో ముగ్గురి అవశేషాలను మాత్రమే గుర్తించగలిగారు.

మన కొండల కథ

మన దగ్గర జరిగింది అచ్చం ఇదే అనలేం. అక్కడ మత్తు వ్యాపారులే సైన్యాలు పెట్టుకున్నారు. ఇక్కడ సాయుధ పోరు వేరే కారణాలతో మొదలైంది. గంజాయి ఆ నీడలో పెరిగింది.

1882 మద్రాసు అటవీ చట్టం గిరిజనుల పోడుకు కళ్లెం వేసింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్‌ను ముట్టడించడం వెనక ఆ కడుపుమంట ఉంది. స్వాతంత్ర్యం తర్వాత కూడా రోడ్డు, బడి, ఆసుపత్రి ఆ కొండలు ఎక్కడానికి చాలా ఆలస్యమైంది. ఒడిశా వైపు బలిమెల జలాశయం కడితే చిత్రకొండ ప్రాంతంలో నూటయాభై దాకా ఊళ్లు నీళ్ల మధ్య చిక్కుకున్నాయి. వాటికి 'కటాఫ్ ఏరియా' అనే పేరు పడింది. గురుప్రియ వంతెన తెరుచుకునేసరికి 2018 జూలై వచ్చింది.

ఖాళీగా వదిలిన చోటులోకి ఎవరో ఒకరు వస్తారు. 1980లో పుట్టిన పీపుల్స్‌వార్, 2004 తర్వాత మావోయిస్టు పార్టీ, ఈ ఆంధ్ర–ఒడిశా సరిహద్దును గట్టి స్థావరం చేసుకున్నాయి. 2008 జూన్ 29న బలిమెల నీళ్ల మీద పడవపై దాడిలో 30 మందికి పైగా గ్రేహౌండ్స్ జవాన్లు చనిపోయారు. 2016 అక్టోబరులో రామగూడ దగ్గర ఎన్‌కౌంటర్‌లో దాదాపు 30 మంది మావోయిస్టులు చనిపోయారు. 2018 సెప్టెంబరు 23న అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను లివిటిపుట్టు దగ్గర కాల్చి చంపారు.

పోలీసు జీపు పోవడానికి భయపడే లోయలో గంజాయి వ్యాపారికి పండగే. మావోయిస్టులు ఈ పంట మీద వసూళ్లు చేశారనేది పోలీసుల ఆరోపణ. ఆ సంగతి ఎలా ఉన్నా, ఇరువైపులా తుపాకులున్న చోట వ్యవసాయ శాఖ ఉద్యోగి కంటే గంజాయి దళారీయే ముందు చేరాడు.

రైతు లెక్క

"గిరిజనులు ఎందుకు పండిస్తారు?" అని తేలిగ్గా అడిగేస్తాం. వాళ్ల లెక్క చూద్దాం. కాఫీ మొక్క నాటితే కాపుకి మూడు నాలుగేళ్లు ఆగాలి. పసుపు పండితే సంత దాకా మోసుకుపోవాలి, అక్కడ ధర షావుకారు చెప్పిందే. గంజాయి వానలకి వేస్తే చలికాలానికి చేతికొస్తుంది. విత్తనం, అడ్వాన్సు బయటి వ్యాపారే ఇస్తాడు, సరుకు గట్టు దగ్గరికే వచ్చి ఎత్తుకుపోతాడు. 'శీలావతి' రకానికి దేశమంతా గిరాకీ. లాభంలో పెద్ద వాటా మాత్రం కొండ దిగాకే పుడుతుంది. పట్టుబడితే జైలుకి పోయేది పండించినవాడు, మోసినవాడు. పెట్టుబడి పెట్టినవాడి పేరు చాలా కేసుల్లో బయటికే రాదు.

దారి, బెలూన్

నేను దీన్ని మన నెట్‌వర్క్స్ సబ్జెక్టులా చూస్తాను. ఒక లింకు తెగితే ట్రాఫిక్ ఇంకో లింకు పట్టుకుంటుంది. నర్సీపట్నం మీదుగా హైవేకి దిగడం ఒక దారి. సీలేరు, భద్రాచలం, ఖమ్మం మీదుగా హైదరాబాద్ చేరడం ఇంకొకటి. ఇక్కడ ఓఆర్ఆర్ పెద్ద జంక్షన్ లాంటిది. ఊళ్లోకి రాకుండానే ముంబై హైవే ఎక్కేయొచ్చు. 2021 ఆగస్టు చివర్లో మన ఇబ్రహీంపట్నానికి దగ్గర్లోని పెద్ద అంబర్‌పేట టోల్ ప్లాజా దగ్గర ఎన్‌సీబీ పట్టుకున్న ఒక్క లారీలోనే దాదాపు 3,400 కిలోల గంజాయి ఉంది.

అదే ఏడాది చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' మొదలుపెట్టారు. వాళ్ల లెక్క ప్రకారం ఏడున్నర వేల ఎకరాలకు పైగా తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆంధ్ర వైపు సాగు బాగా తగ్గింది. సరుకు మాత్రం ఆగలేదు, ఒడిశా వైపు మల్కన్‌గిరి, కోరాపుట్ కొండల నుంచి వస్తోంది. బెలూన్‌ని ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బినట్టు. సినలోవాలో జరిగిందీ ఇదే.

తేడా ఎక్కడ రావచ్చంటే, నరికిన తోట స్థానంలో ఏం వచ్చిందన్న దగ్గర. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే మిరియాల తీగ. ఈ పంట నిలబడిన ఊళ్లలో దళారీ మాట చెల్లడం కష్టం. కాపుకొచ్చే దాకా ఆ మూడు నాలుగేళ్లు ఇల్లు గడిచేలా చూడటమే అసలు పని.

మనకు తెలిసుండాల్సిన అంకెలు

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. సరుకు మోయడానికి ముఠాలకి కావాల్సింది మన వయసువాళ్లే. "బ్యాగు ఒకటి తెచ్చి ఇస్తే చాలు, లోపల ఏముందో నీకెందుకు" అంటారు. 1985 ఎన్‌డీపీఎస్ చట్టం ఏమంటుందో చూడండి:

• గంజాయి 1 కిలో లోపు ఉంటే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల దాకా జరిమానా, లేదా రెండూ.
• అంతకు మించి 20 కిలోల దాకా ఉంటే పదేళ్ల దాకా.
• 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు. సెక్షన్ 37 వల్ల బెయిల్ దొరకడం చాలా కష్టం.
• ముందు బండి మీద పోయి పోలీసులున్నారో లేదో చెప్పే 'పైలట్'కీ కుట్ర కింద అదే శిక్ష పడుతుంది.
• "నాకు తెలీదు" అంటే సరిపోదు. సెక్షన్ 35 ప్రకారం తెలిసే చేశాడని కోర్టు అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మనమే.

నాలుగేళ్ల బీటెక్‌తో పోలిస్తే ఆ పదేళ్లు ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇదే చట్టంలో చాలామందికి తెలియని సెక్షన్ ఒకటుంది, 64ఏ. వాడకానికి అలవాటు పడినవాళ్లు తమంతట తాము ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలో చికిత్సకి చేరి, దాన్ని పూర్తి చేస్తే, వాడకం కేసు, చిన్న మొత్తం కేసు నుంచి రక్షణ ఉంటుంది. కేసవుతుందన్న భయంతోనే చాలామంది ఇంట్లో చెప్పరు, డాక్టర్ దగ్గరికి పోరు. మీ రూమ్మేట్ అలాంటి పరిస్థితిలో ఉంటే ముందు ఈ సెక్షన్ సంగతి చెప్పండి. 14446కి ఫోన్ చేస్తే దగ్గర్లో చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెప్తారు, డబ్బులేం అడగరు.