లక్ష రూపాయల హెడ్‌ఫోన్‌లో ఏముంది?



పోయిన దసరా సెలవుల తరువాత హాస్టలుకు వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముడొకడు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, లక్ష రూపాయల హెడ్‌ఫోన్లు కూడ ఉంటయట గదా, అండ్ల ఏముంటది?" వాడి చెవిలో బస్టాండు దగ్గర 150 రూపాయలకు కొన్న ఇయర్‌ఫోన్ ఉంది. అదీ ఒక పక్కే పనిచేస్తోంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ కూడా అప్పుడు సరిగా చెప్పలేకపోయాం. మాకే చిన్నతనంగా తోచింది. ఆ తరువాత చదివిందీ, చెవులతో విన్నదీ కలిపి ఇప్పుడు రాస్తున్నాం.

ముందుగా లోపల జరిగే పని తెలుసుకుందాం. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగలో విద్యుత్తు ప్రవహిస్తే ఆ తీగ మీద బలం పనిచేస్తుందని పదో తరగతిలో చదువుకున్నాం. మోటారు సూత్రం అదే, హెడ్‌ఫోన్ సూత్రమూ అదే. ఒక పల్చని పొరకు సన్నని తీగచుట్ట అంటించి అయస్కాంతం మధ్య ఉంచుతారు. పాట తాలూకు విద్యుత్తు అటూ ఇటూ మారుతుంటే చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది, పొర గాలిని కదిలిస్తుంది. దీన్ని డైనమిక్ రకం అంటారు. 150 రూపాయల ఇయర్‌ఫోన్‌లో ఉన్నదీ ఇదే, సెన్‌హైజర్ కంపెనీ వారి హెచ్‌డి 800 ఎస్‌లో ఉన్నదీ ఇదే. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు కొంత నవ్వు వచ్చింది.

అయితే తేడా ఎక్కడ? చుట్ట పొరలో ఒక వలయం దగ్గర మాత్రమే అంటుకొని ఉంటుంది. అక్కడ నెట్టినప్పుడు పొర అంతా ఒకేసారి కదలదు. పలుచని పళ్ళాన్ని ఒకచోట తడితే అంచులు వేరుగా అల్లాడినట్లు, కొన్ని పౌనఃపున్యాల దగ్గర పొర తన ఇష్టం వచ్చినట్లు ఊగుతుంది. దాన్ని అదుపు చేయడానికే ఖర్చంతా. హెచ్‌డి 800లో పొరను పళ్ళెంలా కాకుండా గాజులా, నడుమ ఖాళీ ఉంచి చేశారు. ఫ్రాన్సు దేశపు ఫోకల్ కంపెనీ 2016లో విడుదల చేసిన యుటోపియాలో పొరకు బెరీలియం లోహం వాడారు. తేలికా, గట్టిదనమూ రెండూ ఉన్న లోహం అది. విడుదలైనప్పుడు దాని ధర 4,000 డాలర్లు.

రెండోది ప్లానార్ రకం. ఇందులో చుట్ట ఉండదు. పొర మీదే అంతటా విద్యుత్ దారులు అచ్చువేసి, దాని పక్కన అయస్కాంతాలను వరుసగా పేరుస్తారు. దాదాపు పొరంతా ఒకేసారి కదులుతుంది, ఒకచోట నెట్టడమనే బాధ తగ్గుతుంది. కాని అన్ని అయస్కాంతాలూ తలమీద మోయాలి. ఆడిజీ వారి ఎల్‌సిడి ఎక్స్ 600 గ్రాములు దాటుతుంది. హెచ్‌డి 800 ఎస్ 330 గ్రాములే.

మూడోది స్థిర విద్యుత్ రకం. జపాన్‌కు చెందిన స్టాక్స్ సంస్థ 1960 నుండి చేస్తోంది. రెండు చిల్లుల పలకల మధ్య అతి పల్చని పొరకు ఆవేశం ఇచ్చి ఉంచుతారు. ఇప్పటి స్టాక్స్ రకాలకు ఆ వోల్టేజి 580 వోల్టులు. మామూలు ఫోనుకు తగిలించడం కుదరదు, దానికి ప్రత్యేకమైన యాంప్లిఫయర్ కావాలి. ఇది మేము వినలేదు కాబట్టి ఇంతటితో వదిలేస్తున్నాం.

ఇక విన్న సంగతి. మొదట నగరంలో ఒక పెద్ద షాపుకు వెళ్ళాం. అద్దాల బీరువాలో ఉన్నదాన్ని ఒక్కసారి వినిపించమంటే, మా చెప్పుల వంక చూసి "కొనేటోళ్ళకే తీస్తం" అన్నారు. తిరిగి వచ్చేశాం. తరువాత మన హాస్టల్లోనే చదివి, ఇప్పుడు హైదరాబాదులో సౌండ్ మిక్సింగ్ పనిచేస్తున్న అన్న గుర్తుకొచ్చి ఫోన్ చేస్తే, "ఆదివారం రండిరా, అన్నం తిని పోదురు" అన్నాడు. ఆయన దగ్గర ఎల్‌సిడి ఎక్స్, పాత హెచ్‌డి 600 ఉన్నాయి. మా కోసం స్నేహితుడి దగ్గర నుండి హెచ్‌డి 800 ఎస్ అడిగి తెచ్చిపెట్టాడు.

ఏ ధ్వనితో పరీక్షించాలి? పుస్తకాల్లో వయొలిన్లూ పియానోలూ అని ఉంది. ఎదురుగా నిలబడి వినని వాయిద్యం అసలు ఎలా ఉంటుందో తెలియనిది, హెడ్‌ఫోన్ నిజం చెబుతుందో అబద్ధం చెబుతుందో మేమెలా తేల్చగలం? మాకు పుట్టినప్పటి నుండి తెలిసిన చప్పుడు డప్పు. మా బాపూ ఆయన జట్టూ ఐదుగురు అర్ధచంద్రాకారంలో నిలబడి కొడుతుంటే, రెండు మైకులున్న చిన్న రికార్డరుతో ఊర్లో రికార్డు చేసి తీసుకెళ్ళాం. మంటకు కాచిన డప్పు మీద కుడిచేతి సిర్ర దెబ్బ లోతుగా పడుతుంది, ఎడమచేతి సిటికెన పుల్ల చురుక్కుమంటుంది. రెండూ ఒకేసారి సరిగా వినిపించడం ఏ యంత్రానికైనా పరీక్షే.

హెచ్‌డి 600 వయసులో మా కంటే పెద్దది. 1997 నాటిది. జట్టులో పెద్దాయన మధ్యలో వేసే కేక మూడింటిలోకీ దీంట్లోనే సహజంగా ఉంది. సిర్ర దెబ్బ అడుగు మాత్రం కొంత తగ్గింది. ఎల్‌సిడి ఎక్స్‌లో ఆ అడుగు పూర్తిగా దొరికింది, రొమ్ముకు తగిలినంత పని అయింది. కాని అదే కేక ఒక అడుగు వెనక్కు జరిగినట్లు వినిపించింది. అరగంటకు మెడ కూడా లాగింది. హెచ్‌డి 800 ఎస్ పెట్టుకోగానే మాత్రం ఇద్దరం మాట్లాడలేదు. ఎడమ చివర ఎవరు, పక్కన ఎవరు అని వేలుపెట్టి చూపించవచ్చు. పుల్ల చురుకు కొంచెం ఎక్కువే. 2009 నాటి మొదటి హెచ్‌డి 800లో 6,000 హెర్ట్జ్ చుట్టుపక్కల మరీ పదునుగా ఉండేదనీ, 2016లో ఈ ఎస్ రకంలో దాన్ని తగ్గించారనీ అన్న చెప్పాడు. మూడూ వెనక భాగం తెరిచి ఉన్నవే. చప్పుడు బయటికి వస్తుంది. మన హాలులో ఒకరు పెట్టుకుంటే పక్క ట్రంకుపెట్టె వాడు కూడా వినాల్సిందే, స్టడీ అవర్‌లో అయితే వార్డెన్ సారు కూడా.

ఇక్కడ ఒక చిన్న లెక్క. "ఓమ్‌లు ఎక్కువైతే ఫోను నడపలేదు" అని అందరూ అంటారు. నిజమేనా? 103 డెసిబెల్‌ల శబ్దానికి ఎన్ని వోల్టులు కావాలో చూద్దాం. ఎల్‌సిడి ఎక్స్ 20 ఓమ్‌లు, 1 మిల్లీవాటుకే 103 డెసిబెల్ ఇస్తుంది. సామర్థ్యం అంటే వోల్టు వర్గాన్ని ఓమ్‌లతో భాగించడం కనుక 0.14 వోల్టు చాలు. హెచ్‌డి 800 ఎస్ 300 ఓమ్‌లు, 1 వోల్టుకు 102 డెసిబెల్. అంటే 1.1 వోల్టు. హైఫైమాన్ వారి సుస్వర అనే ప్లానార్ రకం ఉంది (పేరు మనదే, కంపెనీ చైనాది). అది 60 ఓమ్‌లే, కాని 1 మిల్లీవాటుకు 83 డెసిబెల్ మాత్రమే. ఇంకా 20 డెసిబెల్ కావాలంటే 100 రెట్ల సామర్థ్యం, అనగా 100 మిల్లీవాట్లు. 0.1ని 60తో గుణిస్తే 6, దాని వర్గమూలం దాదాపు 2.45 వోల్టులు. 300 ఓమ్‌ల దానికంటే 60 ఓమ్‌లదే ఎక్కువ అడుగుతోంది! ఓమ్‌లు ఒక్కటే చూస్తే లాభం లేదు, సున్నితత్వం కూడా చూడాలి.

ధర పెరిగితే ధ్వని మెరుగవుతుందా? 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలు పరిశీలించి, ఏ స్వరస్థాయిని ఎంత బిగ్గరగా వినిపిస్తాయన్న విషయానికీ వాటి ధరకూ సంబంధం కనిపించలేదని ప్రచురించాడు. మా అభిప్రాయం కూడా అదే. హెచ్‌డి 600కూ హెచ్‌డి 800 ఎస్‌కూ మధ్య డబ్బు తేడా అనేక రెట్లు, చెవికి తెలిసే తేడా అన్ని రెట్లు లేదు. కాని తేడా అసలు లేదంటే అదీ అబద్ధమే. ఆ ఐదుగురు నిలబడ్డ తీరు మాకు మళ్ళీ వేరే దాంట్లో వినిపించలేదు.

ఆ సాయంత్రం మా బాపు కూడా అక్కడికి వచ్చాడు, ఏదో పనిమీద పట్నం వచ్చి. అన్న ఆయన తలకు హెచ్‌డి 800 ఎస్ పెట్టాడు. బాపు కళ్ళు మూసుకొని విన్నాడు. "సిర్ర మంచిగ వినొస్తుంది. పుల్ల చప్పుడేందిరా గింత సన్నగున్నది? ఎవరూ గట్టిగ ఏస్తలేరా?" అన్నాడు. మేమూ అన్నా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ పుల్ల మా చెవులకు చురుక్కుమంటోంది. అందులో కొడుతున్నదాంట్లో ఒకటి ఆయన చెయ్యే.

వారం తరువాత సర్కారు దవాఖానలో పరీక్ష చేయించాం. కాగితం మీద గీత 4,000 హెర్ట్జ్ దగ్గర రెండు చెవులకూ లోయలా కిందికి దిగింది. పెద్ద చప్పుళ్ళ మధ్య ఏళ్ళ తరబడి పనిచేసిన వారికి మొదట దెబ్బ తగిలేది అక్కడే. లోపలి చెవిలోని సన్నని కేశ కణాలు ఒకసారి చనిపోతే మనుషుల్లో తిరిగి మొలవవు. బాపు పన్నెండేళ్ళ వయసు నుండి డప్పు కొడుతున్నాడు. ఇప్పుడు పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు చెవుల్లో దూది పెట్టుకొమ్మని మేము చెబితే, తాళం తప్పుతదని ఒప్పుకోడు. దూది పెద్దగా పనిచేయదు కూడా, నురుగు ప్లగ్గులు మేలు. అవి కొని పంపాం. పెట్టుకుంటున్నాడో లేదో అమ్మనే అడగాలి.

తమ్ముళ్ళకు లెక్క ఇది. వారానికి 40 గంటలు 80 డెసిబెల్‌ల వరకు వినవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రతి 3 డెసిబెల్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. 83కు 20 గంటలు, 86కు 10 గంటలు, 89కి 5 గంటలు. బస్సులో ఇంజను మోతను మింగడానికి శబ్దం పెంచుతాం చూడండి, అక్కడ జరుగుతుంది నష్టం. చెవిలో గట్టిగా కూర్చునే రబ్బరు మూతల ఇయర్‌ఫోన్ అయితే బయటి మోత తగ్గి, పెంచే అవసరం తగ్గుతుంది. ఒక పక్క పనిచేయని దాంతో వింటే రెండో చెవికి పెంచి వింటారు, దాన్ని పారేయండి.

ఆ డప్పు రికార్డింగు మా ఫోన్‌లో ఉంది. వార్షికోత్సవం నాడు భోజనాల తరువాత 6వ నంబరు గదిలో ఉంటాం. ఎవరి ఇయర్‌ఫోన్లు వారు తెచ్చుకుంటే, సిర్ర ఎంత వినిపిస్తోందో, పుల్ల ఎంత వినిపిస్తోందో రాసుకొని పోల్చి చూద్దాం. అన్న కూడా వస్తానన్నాడు. హెచ్‌డి 600 తెమ్మని అడిగాం.